మంచు కోసం మనాలి వెళ్తున్నారా? ముందు బులెటిన్ చదవండి

మనాలి పైన సోలాంగ్ లోయ దారిలో పైకెక్కి ఉన్న రిసార్టుల జోలికి జనవరిలో పోకండి. ఫొటోల్లో అద్దాల కిటికీ, బయట మంచు, టేబుల్ మీద కాఫీ కప్పు. మేం దిగినదాంట్లో రెండు రాత్రులకి 9,400 రూపాయలు. రూమ్ హీటర్‌కి రోజుకి ఇంకో 600 అని చెక్‌ఇన్ దగ్గర చెప్పారు, బుకింగ్‌లో ఎక్కడా ఆ ముక్క లేదు. మంచు మొదలైన గంటకే కరెంటు పోయింది. జనరేటర్ లాబీ లైట్లకే సరిపోయింది, హీటర్ మూలన బొమ్మలా కూర్చుంది. 600 వెనక్కి అడిగితే "కరెంటు గవర్నమెంటుది సార్, హీటరే మాది" అన్నారు. తెల్లారేసరికి పైపుల్లో నీళ్లు గడ్డకట్టి కుళాయి చుక్క రాల్చలేదు. బకెట్ వేడినీళ్లు 100. మా అత్తయ్య ఆ పూట ఎవరితోనూ మాట్లాడలేదు.

రిసార్ట్ తప్పు రిసార్ట్‌దే. కానీ ఆ వారం ఏం జరగబోతోందో ఐఎండీ (భారత వాతావరణ శాఖ) అఖిల భారత బులెటిన్‌లో మూడు రోజుల ముందే ఉంది. పశ్చిమ అలజడి, అంటే చలికాలంలో పడమటి నుంచి వాన, మంచు మోసుకొచ్చే గాలుల సుడి, వస్తోంది, పంజాబ్, హర్యానాల్లో ఉరుములు, వడగళ్లు, హిమాచల్, ఉత్తరాఖండ్ కొండల్లో భారీ వాన, మంచు. అన్నీ ఒకే కాగితం మీద. మనమేమో ఫోన్‌లో మంచు బొమ్మ చూసి సంబరపడి బ్యాగు సర్దుతాం.

బులెటిన్‌లో మాటలకి లెక్కలుంటాయి. "ఐసోలేటెడ్" అంటే ఆ ప్రాంతంలోని వాన కొలిచే స్టేషన్లలో నాలుగో వంతుకి మించి పడదు, మీ ఊరు తప్పించుకోవచ్చు. "వైడ్‌స్ప్రెడ్" అంటే నాలుగింట మూడు వంతులకి పైగా, అక్కడ ఆశ పెట్టుకోవద్దు. "హెవీ" అంటే 24 గంటల్లో 64.5 నుంచి 115.5 మిల్లీమీటర్లు. ఒక మిల్లీమీటరు నీటికి సుమారుగా ఒక సెంటీమీటరు మంచు అని మోటు లెక్క, అంటే "హెవీ" అన్న రోజున మోకాలు దాటొచ్చు. హెచ్చరికకి పసుపు రంగుంటే గమనిస్తూ ఉండాలి, ఆరెంజ్ అయితే సిద్ధంగా ఉండాలి, ఎరుపైతే ప్రయాణం మానేయాలి. సిమ్లా వాతావరణ కేంద్రం ఈ హెచ్చరికలు జిల్లాల వారీగా ఇస్తుంది. మనాలి ఉన్న కుల్లూ జిల్లా ఒక్కటే చూస్తే చాలదు, లాహౌల్-స్పితి కూడా చూడాలి. 9.02 కిలోమీటర్ల అటల్ టన్నెల్‌కి ఇటు మూతి కుల్లూలో, అటు మూతి లాహౌల్‌లో.

కొత్తగా పడ్డ మంచు మీద బండి కాస్త నయం. టైర్లు దాన్ని తొక్కి నునుపు చేస్తాయి, మధ్యాహ్నం ఎండకి పైపొర కరుగుతుంది, పొద్దువాలగానే అద్దమైపోతుంది. సాయంత్రం నాలుగు తర్వాత దిగే బండ్లే ఎక్కువగా జారేది. 2024 డిసెంబరు చివర్లో సోలాంగ్‌కీ టన్నెల్‌కీ మధ్య వెయ్యి దాకా వాహనాలు ఇరుక్కున్నాయి. దిగేటప్పుడు ఫస్ట్ లేదా సెకండ్ గేర్, బ్రేక్ ఒక్కసారిగా తొక్కకూడదు, క్లచ్ నొక్కకూడదు. జారకుండా టైర్లకి చుట్టే చైన్లు ఇంజన్ తిప్పే చక్రాలకే వెయ్యాలి, చిన్న కార్లలో చాలావాటికి అవి ముందువి. రాత్రి హ్యాండ్ బ్రేక్ వేస్తే పట్టేసుకుంటుంది, గేర్‌లో వదిలి చక్రం కింద రాయి పెట్టాలి. చండీగఢ్ నుంచి తెచ్చిన టాక్సీలో చైన్లు లేకపోతే మనాలిలోనే దిగిపోండి. మంచు పడ్డ రోజు పోలీసులు ఊరి పైన చిన్న కార్లని ఆపేసి, నాలుగు చక్రాలనీ ఇంజన్ తిప్పే ఫోర్ బై ఫోర్‌లనే వదులుతారు, అప్పుడు ఆ డ్రైవర్లదే రాజ్యం. సోలాంగ్‌కి ఒకడు 6,000 అన్నాడు, 3,500కి దిగాడు. కోటు, బూట్లు అద్దె 300. బూటు తిరగేసి చూడండి, అడుగు అరిగితే వేసుకోకండి.

దిగువన గొడవ వాన. మండీ-పండోహ్-ఔట్ మధ్య బియాస్ లోయలో కొండ మీంచి రాళ్లు జారతాయి. కటౌలా మీదుగా వేరే దారి ఉన్నా అది చిన్న బండ్లకే, వోల్వో బస్సు ఆగిపోవాల్సిందే. తిరుగు విమానానికీ ఆ బస్సుకీ మధ్య ఒక రోజు ఖాళీ పెట్టుకోండి. కుల్లూ దగ్గరి భుంతర్ నుంచి ఎగిరే విమానాన్ని మబ్బు రోజుల్లో నమ్మొద్దు.

బస మాల్ రోడ్డుకి నడిచేంత దూరంలో చూసుకోండి. ఓల్డ్ మనాలి అందంగానే ఉంటుంది, కానీ ఆ ఎక్కుడు దారిలో మంచు పడితే టాక్సీ రాదు, సూట్‌కేసు నెత్తిన పెట్టుకోవాలి. నా ఓటు మాత్రం మనాలి పక్కనే ఉన్న వశిష్ఠ్‌కి. గుడి దగ్గర గంధకం వాసన వేసే వేడినీటి ఊట ఉంది, స్నానం ఉచితం. బకెట్‌కి 100 ఇచ్చినవాళ్లకి ఆ నీళ్లు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు. బయట సిద్దూ తినండి, 80 రూపాయలు. ఆవిరి మీద ఉడికిన గోధుమ పిండి, లోపల అక్రోట్ ముద్ద, పైన నెయ్యి. మన కుడుముకి దూరపు చుట్టం. అత్తయ్య రెండు తిని మూడోది పొట్లం కట్టించుకుంది, అప్పుడు మళ్లీ మాటలు మొదలయ్యాయి.

కరెంటు పోతే సిగ్నల్ కూడా పోవచ్చు, యూపీఐ పనిచేయదు, తలా మూడు వేలు నోట్లు ఉంచుకోండి. జిల్లా విపత్తు సాయం నంబరు 1077.