సముద్రం దగ్గర ఇల్లు: ఫుటింగా, పైలా?

దివిసీమలో నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్లే దారిలో మా బాబాయికి ఆరు సెంట్ల స్థలం ఉంది. పోయిన వేసవిలో అక్కడ ఒక గొయ్యి తవ్వించాడు. మూడడుగుల దాకా నల్లమట్టి గడ్డలు గడ్డలుగా లేచింది. నాలుగో అడుగు దగ్గర పలుగు మెత్తగా దిగబడింది. ఐదో అడుగుకల్లా ఊట మొదలై గొయ్యి అడుగున పాదం మునిగేంత నీళ్లు చేరాయి. వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు కషాయం.

మేస్త్రీకి నా వాలకం చూసి నవ్వొచ్చింది. "ఈ ఊళ్లో ఎక్కడ తవ్వినా ఇంతే బాబూ. మోటారు పెట్టి తోడేసి, నీళ్లు మళ్లీ ఊరేలోపు ఫుటింగ్ పోసేద్దాం" అన్నాడు. బాబాయి మాత్రం, "మొన్న పక్క ఊళ్లో పైల్స్ వేశారట్రా, ఏది మేలో నువ్వే తేల్చు, నువ్వు చదివింది అదేగా" అన్నాడు.

ఫుటింగ్ అంటే స్తంభం కింద తక్కువ లోతులో పోసే వెడల్పాటి కాంక్రీటు దిమ్మ. పైల్ అంటే నేలలో లోతుగా బోరు వేసి అందులో పోసే సన్నటి కాంక్రీటు స్తంభం. అప్పటికప్పుడు చెప్పలేకపోయాను. ఇంటి బరువు మాత్రమే లెక్క అయితే ఒకటీ రెండంతస్తులకి రెండూ పనికొస్తాయి. తుఫాను తీరంలో పునాదిని పరీక్షించేది బరువు కన్నా గాలి, నీరు, ఉప్పు. ఏ నేలలో, సముద్రానికి ఎంత దూరంలో కడుతున్నామన్నదాన్ని బట్టి జవాబు తిరగబడుతుంది.

గాలి గురించి భయం ఎక్కువ గానీ, స్లాబు ఇంటి పునాదికి గాలితో వచ్చే బెడద తక్కువే. భవనాల మీద పడే భారాలకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం విశాఖ, మచిలీపట్నం లాంటి చోట్ల డిజైన్‌కి తీసుకునే ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుఫాను ఇంచుమించు ఆ వేగంతోనే కొట్టింది. ఆ గాలి ఒత్తిడి చదరపు మీటరుకి సుమారు 150 కిలోలు. ఐదంగుళాల స్లాబు అదే చదరపు మీటరుకి 300 కిలోలకు పైనే తూగుతుంది. దాన్ని గాలి ఎత్తుకుపోలేదు. రేకుల ఇల్లయితే లెక్క వేరు. చదరపు మీటరు రేకు బరువు ఐదారు కిలోలు, దాన్ని పైకి లాగే బలం వంద కిలోలు దాటొచ్చు, అంచుల దగ్గర ఇంకా ఎక్కువ. రేకుని పట్టుకున్న ఇనుప పట్టీ, పట్టీని పట్టుకున్న స్తంభం, స్తంభాన్ని పట్టుకున్న పునాది, ఇలా కిందిదాకా గొలుసు తెగకుండా ఉండాలి. రేకుల షెడ్డుకి చిన్న ఫుటింగ్ వేసి పైన మట్టి కూడా సరిగా దిమ్మిస చేయకపోతే అది లంగరు పని చేయదు. ఆ విషయంలో అండర్‌రీమ్‌డ్ పైల్‌కి, అంటే అడుగున ఉబ్బు ఉన్న పైల్‌కి, మార్కులు ఎక్కువ. కింద ఉల్లిగడ్డలా ఉబ్బిన బల్బు నేలని పట్టుకుంటుంది కదా.

ఇక నల్లనేల. ఎండాకాలం బీటలు వారి, వానాకాలం ఉబ్బే మట్టి ఇది. నాలుగడుగుల లోతులో పెట్టిన ఫుటింగ్ ఏటా ఈ కదలికలోనే నలుగుతుంది. గోడల మూలల్లో, కిటికీల కింద ఏటవాలు పగుళ్లు కనిపించే ఇళ్లు డెల్టాలో కొల్లలు. చాలామంది అది సిమెంటు నాసిరకం అనుకుంటారు, పుట్టీ పెట్టించుకుంటారు, మళ్లీ వేసవికి అదే పగులు నోరు తెరుస్తుంది. అండర్‌రీమ్‌డ్ పైల్‌ని రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ మన దేశంలో తీర్చిదిద్దింది ముఖ్యంగా ఈ బాధ కోసమే. ఆగర్‌తో, అంటే నేలని తొలిచే బర్మాతో, సన్నటి బోరు వేసి, అడుగున కత్తితో చుట్టూ చెక్కి, బోరు వెడల్పుకి రెండున్నర రెట్లు ఉండేలా బల్బు చేస్తారు. అంటే 300 మిల్లీమీటర్ల పైల్‌కి 750 మిల్లీమీటర్ల బల్బు. నల్లనేల బాగా లోతు ఉన్నచోట పైల్ కనీసం మూడున్నర మీటర్లు దిగాలి. ఎండకీ వానకీ కదిలే పొర పైనే ఉండిపోతుంది, ఇల్లు కదలని పొర మీద నిలబడుతుంది.

ఇంకో లాభం ఉంది. ఫుటింగ్ కోసం పెద్ద గొయ్యి తవ్వి రోజంతా నీళ్లు తోడక్కర్లేదు. అయితే పైల్‌లో మోసానికి పెద్ద సందు కూడా అదే. గొయ్యిలో పోసిన ఫుటింగ్ కంటికి కనపడుతుంది, వంక ఉంటే చూసి తిట్టొచ్చు. పైల్ భూమిలో కలిసిపోతుంది. నీళ్లు నిండిన బోరులో పైనుంచి తట్టలతో కాంక్రీటు ఒంపితే సిమెంటు కడుక్కుపోయి కింద వట్టి కంకర మిగులుతుంది. గొట్టం అడుగుదాకా దించి, దాని మూతి ఎప్పుడూ కాంక్రీటులో మునిగి ఉండేలా పోస్తూ పైకి లాగాలి. దీన్ని ట్రెమీ అంటారు. గొట్టం తేని పైల్ కాంట్రాక్టరుకి పని ఇవ్వకపోవడమే మంచిది.

బల్బు నిజంగా ఉందా లేదా తెలుసుకోవడానికి ఇంటివాళ్లు చేయగలిగిన లెక్క ఒకటుంది. 300 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మీటర్ల లోతు ఉన్న తిన్నని బోరులో పట్టేది 0.28 ఘనపు మీటర్ల కాంక్రీటు. బల్బు ఒకటి ఉంటే ఇంకో 0.07 పడుతుంది. ఘనపు మీటరుకి ఏడు బస్తాల సిమెంటు చొప్పున కలిపితే బల్బు లేని పైల్ రెండు బస్తాలతో నిండిపోతుంది, బల్బు ఉన్నది దాదాపు రెండున్నర తాగుతుంది. పక్కన కుర్చీ వేసుకుని బస్తాలు లెక్కపెడితే చాలు.

ఇదే పైల్‌ని బాపట్ల సూర్యలంక వైపు ఇసుక నేలలో వేద్దామంటే నేను వద్దంటాను. నీళ్లతో తడిసిన ఇసుకలో బల్బు చెక్కుతుండగానే దాని పైనున్న ఇసుక కూలుతుంది. బెంటొనైట్ అనే బంకమట్టి ద్రవంతో బోరుని నిలబెట్టొచ్చు, కానీ చిన్న ఇంటికి ఆ హంగామా ఎవరూ సరిగా చేయరు. పైగా ఇసుక ఉబ్బదు, కుంచించుకుపోదు, బరువు బాగానే మోస్తుంది. తీరం నుంచి లోపలికి, ఉప్పెన నీరు పరుగెత్తని చోట, ఇసుకలో ఫుటింగే మేలు. నాలుగు వైపులా ప్లింత్ బీములతో, అంటే గోడల అడుగున వేసే కాంక్రీటు దూలాలతో, ఒకదానికొకటి కట్టేయాలి, అంతే. నీళ్లు తోడేటప్పుడు మాత్రం ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. మోటారు నీళ్లతోపాటు ఇసుకనీ లాగేస్తుంది, పక్కింటి గోడ కింద డొల్ల పడుతుంది. అందుకే ఊట అడుగంటే వేసవిలోనే ఈ పని ముగించుకోవాలి.

అలల దెబ్బ తగిలేంత దగ్గరలో ఫుటింగ్‌ని నమ్మలేం. పరుగెత్తే నీరు స్తంభం చుట్టూ సుడి తిరిగి ఇసుకని తోడేస్తుంది. నాలుగడుగుల లోతు ఫుటింగ్ కింద నేల ఖాళీ అయ్యాక పైనున్న కాంక్రీటు ఎంత గట్టిదైనా ఒరిగిపోతుంది. అక్కడ బల్బు లేని తిన్నని లోతు పైల్స్ ఒక్కటే దారి, అదీ ఇంజినీరు డిజైన్‌తో, తీరంలో కట్టడాలని నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనల కింద అనుమతి వస్తేనే. ఉప్పాడలో లాగా తీరమే ఏటేటా వెనక్కి జరుగుతుంటే మాత్రం పైల్ కూడా ఇంటిని కాపాడదు. స్థలం మార్చుకోవడమే.

రాఫ్ట్ గురించి కూడా అడుగుతుంటారు. ఇల్లంతటికీ ఒకే పలక. నేల మరీ మెత్తగా, ఒకచోట ఒకలా మరోచోట ఒకలా ఉంటే పనికొస్తుంది. ఇనుము ఖర్చు చూస్తే చిన్న ఇంటికి గుండె జారుతుంది. నేనైతే సాయిల్ టెస్ట్ రిపోర్టు అడిగితే తప్ప దాని జోలికి పోను.

ఫుటింగా పైలా అన్నది తేలాక ఇంకో తగువు ఉంది. ఇంటిని ఎత్తు చేయడానికి మట్టి నింపి బేస్‌మెంట్ లేపాలా, లేక స్తంభాల మీద నిలబెట్టి కింద ఖాళీ వదలాలా? 1977 నవంబరు 19న దివిసీమ మీదికి సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన వచ్చిందని, పది వేల మంది దాకా పోయారని లెక్క. అంత నీటి ముందు మూడడుగుల బేస్‌మెంట్ ఏ మూలకి? తీరంలో కట్టిన తుఫాను షెల్టర్లు చూడండి, కింద స్తంభాలే, గదులన్నీ పైన. నీరు కింద నుంచి దారి చేసుకుని పోతుంది. అమెరికా గల్ఫ్ తీరంలోనూ ఇదే తీరు. హ్యూస్టన్‌లో ఉండే మనవాళ్లు గాల్వెస్టన్ వెళ్లినప్పుడు కాళ్ల మీద నిలబడ్డ ఇళ్లు చూసే ఉంటారు. అక్కడ అలల ముప్పు ఉన్న జోన్‌లో మట్టి నింపి దాని మీద ఇల్లు నిలబెట్టడానికి వరద బీమా నిబంధనలు ఒప్పుకోవు.

ఉప్పెన రాదు, మోకాలి లోతు ముంపు మాత్రం వస్తుంది అన్న ఊళ్లలో బేస్‌మెంటే చవక, సుఖం. బుసక పోసి, నీళ్లు కొట్టి, పొరపొరకీ దిమ్మిస చేయించాలి. స్తంభాల ఇంటికి మెట్లెక్కలేని ముసలివాళ్ల ఇబ్బంది ఒకటి, భూకంపం వస్తే ఖాళీ అంతస్తు బలహీనత ఒకటి ఉన్నాయి. వీటికన్నా ఎక్కువ నన్ను విసిగించేది మనవాళ్ల అలవాటు. రెండేళ్లు తిరక్కుండా కింద ఇటుక గోడలు కట్టి కొట్టు అద్దెకిస్తారు. నీరు పోవడానికి వదిలిన దారి మూసేశాక స్తంభాలు ఉండీ దండగే.

ఏ రకం ఎంచుకున్నా, ఉప్పు దగ్గర ఓడిపోతే అన్నీ ఓడినట్టే. రెండేళ్ల కిందట ఒక పాత ఇల్లు పడగొడుతుంటే ఫుటింగ్ ఒకటి పగలగొట్టి చూశాను. 12 మిల్లీమీటర్ల రాడ్డు తుప్పు పొరలు ఉల్లిపొట్టులా ఊడిపోయి, మధ్యలో సన్నటి పుల్ల మిగిలింది. రాడ్డుకీ బయటి మట్టికీ మధ్య ఉండాల్సిన కాంక్రీటు మందాన్ని కవర్ అంటారు; అది నిలిపే కవర్ బ్లాకుల బదులు రాడ్ల కింద కంకర రాళ్లు పెట్టారు. ఆ రాయి పక్కనుంచే తుప్పు మొదలైంది.

కాంక్రీటుకి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 తీర వాతావరణాన్ని తీవ్రమైనదిగా లెక్కగట్టి ఎం30 కాంక్రీటు (ఎం పక్క అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), నీరు సిమెంటు నిష్పత్తి 0.45కి మించకుండా, రాడ్ల మీద 45 మిల్లీమీటర్ల కవర్ అడుగుతుంది. ఫుటింగ్‌కి కనీసం 50. భూమిలో నీరే ఉప్పుదైతే ఎం35 దాకా వెళ్లాలి. ఊళ్లో మాత్రం ఎం20 పోసి, జారుగా ఉంటే పని తేలికని ఇంకో బకెట్ నీళ్లు కొడతారు. ఆ నీళ్లు కూడా రొయ్యల చెరువు పక్క బోరువి! కలపడానికీ తడపడానికీ మంచినీళ్ల ట్యాంకరు తెప్పించుకోవాలి. సిమెంటు రకాల్లో స్లాగ్ సిమెంటు, అంటే ఇనుప కొలిమి చిట్టెం పొడి కలిపింది, ఉప్పుని బాగా అడ్డుకుంటుంది. కాకపోతే నెమ్మదిగా గట్టిపడుతుంది, కనీసం పది రోజులు తడపాలి. సల్ఫేట్ తట్టుకునే సిమెంటు అంటే తీరానికి అదే సరైనదని షాపుల్లో అంటగడతారు, సముద్రపు ఉప్పుకి మాత్రం అది స్లాగ్ సిమెంటు అంత అండ కాదు.

బాబాయి స్థలంలో సాయిల్ టెస్ట్ చేయించాం. రెండున్నర మీటర్ల కింద గట్టి బంకమట్టి తగిలింది, అది మెత్తటి బురద అయ్యుంటే నాలుగు మీటర్ల పైల్ కూడా దండగయ్యేది. 4 మీటర్ల అండర్‌రీమ్‌డ్ పైల్స్, వాటి మీద ప్లింత్ బీములు, రోడ్డుకన్నా నాలుగడుగుల ఎత్తు బేస్‌మెంట్, ఉప్పెన హెచ్చరిక వస్తే ఎక్కడానికి మేడ మీద ఒక స్లాబు గది. ఖర్చు ఫుటింగ్ కన్నా ఎక్కువే అయింది, పిన్ని ఇప్పటికీ దెప్పుతోంది. పదిహేను పైల్స్‌లో తొమ్మిదోది రెండు బస్తాలకే నిండిపోయింది. బాబాయి కుర్చీలోంచి లేవలేదు. "ఇంకో అరబస్తా ఎక్కడికి పోయింది?" అన్నాడు. మేస్త్రీ కాసేపు ఆగర్ వైపు, కాసేపు నా వైపు చూశాడు. కాంక్రీటు బిగుసుకోకముందే రాడ్ల బుట్ట పైకి లాగించి, బోరు ఖాళీ చేయించి, మళ్లీ కత్తి దింపించాం.