మెల్‌బోర్న్‌లో జో జాన్సన్ ఆడిన గ్రౌండ్లు: ఎంసీజీనా, ఫిట్జ్‌రాయా?

మనవాళ్ళు మెల్‌బోర్న్ వెళ్తే ఎంసీజీని (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) క్రికెట్ కోసమే చూస్తారు. నేను మాత్రం ఈసారి అక్కడివాళ్ళు ఫుటీ అని పిలుచుకునే ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్ కోసం, అందులోనూ జో జాన్సన్ అనే పాతకాలపు ఆటగాడి కోసం తిరిగాను. 1897లో మొదలైన విక్టోరియన్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఆడిన తొలి ఆదివాసీగా ఆయన్నే చెప్తారు. 1904లో ఫిట్జ్‌రాయ్ జట్టులోకి వచ్చాడు, 1906తో సరి. ఆడింది 55 మ్యాచ్‌లే అయినా రెండు టైటిళ్ళు కొట్టిన జట్టులో ఉన్నాడు: 1904 ఫైనల్లో కార్ల్‌టన్ మీద 24 పాయింట్ల తేడాతో, మరుసటి ఏడు కాలింగ్‌వుడ్ మీద 13 పాయింట్ల తేడాతో. ఆ తర్వాత వేరే లీగ్‌లోని బ్రన్స్‌విక్‌కి వెళ్ళిపోయాడు.

ఆ రెండు ఫైనల్సూ ఎంసీజీలోనే జరిగాయి కాబట్టి ముందు అక్కడికే వెళ్ళాను. స్టేడియం తిప్పి చూపించే టూర్, మ్యాచ్‌లు లేని రోజుల్లోనే ఉంటుంది, చూపించేవాళ్ళు వాలంటీర్లు, ఏది అడిగినా ఓపిగ్గా చెప్తారు. మ్యూజియం కూడా బాగుంది. కాకపోతే స్టాండ్లన్నీ తర్వాత కట్టినవే, జాన్సన్ కాలం నాటి ఇటుక ఒక్కటీ కనబడదు. టికెట్ పెట్టలేనివాళ్ళు బయట ఫుటీకి పునాది వేసినవాళ్ళలో ఒకడైన టామ్ విల్స్ విగ్రహం చూసినా చాలు; 1858లో రెండు స్కూళ్ళు వైపుకి 40 మందితో ఆడిన మ్యాచ్ గుర్తుగా పెట్టారు.

నన్నడిగితే అసలు చూడాల్సింది ఆ రోజుల్లో ఫిట్జ్‌రాయ్ జట్టు సొంత గ్రౌండైన బ్రన్స్‌విక్ స్ట్రీట్ ఓవల్. ఎడిన్‌బరా గార్డెన్స్‌ని ఆనుకుని ఉంటుంది, 11 నంబర్ ట్రామ్ ఎక్కితే దగ్గర్లోనే దింపుతుంది. 1888 నాటి గ్రాండ్‌స్టాండ్ ఇంకా నిలబడే ఉంది, అంటే జాన్సన్ ఆడేటప్పుడు జనం కూర్చున్నది ఇందులోనే! పెద్ద జట్టు 1996లో బ్రిస్బేన్‌తో కలిసిపోయింది గానీ ఫిట్జ్‌రాయ్ పేరుతో అమెచ్యూర్ జట్టు ఇప్పటికీ ఇక్కడ ఆడుతోంది. అక్కడి చలికాలంలో (జూన్-ఆగస్టు) శనివారం మధ్యాహ్నం మ్యాచ్ చూసుకుని వెళ్ళండి. బ్రేక్‌లో జనం గ్రౌండ్‌లోకి దిగిపోతారు, పిల్లలు బంతి తన్నుకుంటుంటారు, ఆటగాళ్ళ గుంపు వెనక నిలబడితే కోచ్ తిట్లు కూడా వినబడతాయి. ఎంసీజీలో ఎంత డబ్బు పోసినా ఇది దొరకదు.

బసకి చుట్టాలున్న టార్నీట్, ట్రుగనీనా శివారు పేటల వైపు ఉంటే భోజనానికి లోటుండదు, మనవాళ్ళు అక్కడ బోలెడంతమంది. కానీ పొద్దున రైళ్ళు కిటకిట, రానూపోనూ సగం రోజు హరీ. అందుకే ఫిట్జ్‌రాయ్‌లోనే ఒక చిన్న హోటల్ తీసుకున్నాను. గది శుభ్రంగానే ఉంది, హీటర్ మాత్రం రాత్రంతా గుర్రుగుర్రుమంటూ చల్లగాలే వదిలింది, రిసెప్షన్‌కి ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. జూలైలో వెళ్తే బుక్ చేసే ముందే ఈ సంగతి అడగండి.

శాకాహారులు తినడానికి ఏదైనా వెంట పెట్టుకోవడం మేలు, గ్రౌండ్ దగ్గర అమ్మే ‘పై’ (pie) అంటే మాంసం కూరినదే. ట్రామ్ సిటీ నడిబొడ్డున ఫ్రీ, ఓవల్ ఆ పరిధి దాటాకే వస్తుంది, కాబట్టి మైకీ కార్డు (అక్కడి ట్రామ్, రైలు టికెట్ కార్డు) టచ్ చేయడం మర్చిపోవద్దు, పట్టుకుంటే ఫైన్ గట్టిగానే పడుతుంది.