మెట్టతామర దుబ్బు: మొత్తం పెకలించడమా, పక్కలు కోయడమా?

వానలు వెనకబట్టే వేళకి పెరళ్లలో మెట్టతామర మడులన్నీ ఒకే తీరుగా కనిపిస్తాయి. మనిషెత్తు కాడలు, చాటంత ఆకులు, పూలు మాత్రం అక్కడక్కడా నాలుగు. దుబ్బు ఒకపక్క దారి మీదకి, ఇంకోపక్క గోడ మొదట్లోకి పాకిపోయి ఉంటుంది. సెప్టెంబరు చివరికల్లా చాలామంది అడిగేది ఒకటే: మొత్తం తవ్వి విడదీయాలా, దారికి అడ్డొచ్చిన మేరకు పారతో కోసేస్తే చాలా?

పక్కలు కోయడంలో సుఖం ఉంది, కాదనలేం. గంట పని. పూస్తున్న కాడలు పూస్తూనే ఉంటాయి, మడి బోసిపోదు. పదునైన పారను దుబ్బు అంచుకు నిట్టనిలువుగా దించి, అవతలి ముక్కను గునపంతో ఎత్తేస్తే సరి. నాటి రెండేళ్లు దాటని దుబ్బుకి ఇంతకు మించి అక్కర్లేదు.

పాత దుబ్బుకి మాత్రం ఇది పనికిరాదు. మెట్టతామర దుంప నేలలో అడ్డంగా, నడుమ నుంచి బయటికి సాగుతుంది. ఈ ఏడు కాడ వేసిన దుంప వచ్చే ఏడు వెనకబడుతుంది, దాని కొసన పుట్టిన కొత్త దుంప ముందుకు పోతుంది. అంటే లేత దుంపలన్నీ అంచున, ముసలివన్నీ నడుమ. అంచు కోసినప్పుడు మనం తీసి పారేసేది లేతవాటిని, మడిలో మిగుల్చుకునేది ముసలివాటిని! పలచన చేశాక కూడా పూత పెరగలేదని వాపోయేవాళ్లలో ఎక్కువమంది మడిలో జరిగింది ఇదే.

కాబట్టి తేల్చాల్సింది దుబ్బు నడుమ. ఆకులు పక్కకి తోసి నడిమధ్య మూరెడు మేర చూడండి. వేలెడు లావు కొత్త మొలకలు నాలుగైదు ఉంటే పక్కలు కోస్తే చాలు. ఎండిన మోడులు, వాటి మధ్య గట్టిపడిన మట్టి తప్ప ఏమీ లేకపోతే మొత్తం పెకలించాల్సిందే. మూడేళ్లు దాటిన దుబ్బుల్లో ఎక్కువగా కనిపించేది ఈ రెండోదే.

పెకలించే ముందురోజు, నేల పొడిగా ఉంటే బాగా తడపండి. పూసి అయిపోయిన కాడల్ని నేలమట్టానికి, మిగతావాటిని జానెడు ఉంచి కోయండి. ఆకులు ఉంచితే వేళ్లు తెగిన దుంప వాటిని మోయలేక వడలిపోతుంది. దుబ్బుకి అడుగు దూరంలో చుట్టూ గునపం దించి, మట్టి వదులు చేసుకుంటూ ఒక వైపు నుంచి ఎత్తండి. దుంపలు పైనున్న జానెడు మట్టిలోనే ఉంటాయి కాబట్టి లోతుగా తవ్వే పని లేదు. ఎత్తాక గొట్టంతో కడగండి. మట్టితో ఉన్నప్పుడు కళ్లు, అంటే మొలకొచ్చే మొనలు, కనబడవు, కనబడక కోస్తే సగం ముక్కలు కన్ను లేని గుడ్డివవుతాయి.

కడిగిన దుంప తనే చెబుతుంది. లేతదాన్ని కోస్తే కత్తి కరకరమంటూ దిగుతుంది, లోపల తెల్లగా, తడిగా ఉంటుంది. గణుపు దగ్గర ఎరుపు దేరిన మొన కన్ను. ముసలిది గోధుమరంగులో ఉంటుంది, నొక్కితే బెండులా అణుగుతుంది, కోస్తే పీచు పీచుగా సాగుతుంది. దాన్ని దాచుకోకుండా ఎరువు గుంటలో పడేయండి. మంచి ముక్కకి రెండు మూడు కళ్లు, కొన్ని వేళ్లు ఉండాలి. ఒంటి కన్ను ముక్క బతుకుతుంది గానీ పూతకి చాలా ఆలస్యం చేస్తుంది. కోసిన మొహాలకి బూడిద అద్ది, లేదా లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి అందులో ముంచి తీసి, ఒక రోజు నీడలో ఆరబెట్టండి.

పాత గుంటలోని మట్టి తవ్వి తిరగేసి, రెండు పాళ్ల మట్టికి ఒక పాలు చివికిన పశువుల ఎరువు, గుంటకో గుప్పెడు వేపపిండి కలపండి. నాలుగు వేళ్ల లోతు, ముక్కకీ ముక్కకీ అడుగున్నర ఎడం. దుంపలు కుళ్లేది ఎక్కువగా ఇక్కడి నుంచే: లోతుగా పాతిపెట్టడం, రోజూ నీళ్లు పోయడం. కొత్త వేళ్లు ఇంకా రాని దుంప ఎక్కువ నీళ్లు తాగలేదు. నాటిన రోజు ఒకసారి పోసి, తర్వాత పై అంగుళం ఆరితేనే పోయండి. మూడు నాలుగు ఆకులు విచ్చేదాకా యూరియా జోలికి పోవద్దు. నల్లరేగడిలో అయితే గుంట కాదు, జానెడు ఎత్తు బోదె వేసి దాని మీద నాటండి.

నెల విషయంలో తెలంగాణకి, దక్షిణ కోస్తాకి ఒకే లెక్క కుదరదు. తెలంగాణలో సెప్టెంబరు చివర నుంచి అక్టోబరు మధ్య దాకా అదను. నేలలో తడి ఉంటుంది, చలి ఇంకా పట్టదు. నెల్లూరు, తిరుపతి వైపు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు రెండో సగం నుంచి ముసురుతాయి. కోసిన దుంప ఆ తడిలో నిలవదు. అక్కడ సెప్టెంబరులోనే ముగించాలి, కుదరకపోతే జనవరి దాకా ఆగడమే మేలు.

పై కాడలు మాత్రం నరికి పలచన చేయడం మూడో దారి. గాలి ఆడుతుంది, ఆకు అడుగున నారింజ రంగు పొడిలా కనబడే తుప్పు తెగులు కొంత తగ్గుతుంది. అంతవరకే. కింద ఇరుకు ఇరుకుగానే ఉంటుంది.

ఇదే కొలత అన్ని దుబ్బులకీ పెట్టకండి. హెలికోనియాకి నా ఓటు పక్కలు కోయడానికే. మొత్తం లేపితే కోలుకోవడానికి చాలా కాలం తీసుకుంటుంది, రెండు మూడు కాడలతో అంచు ముక్క తీసుకోవడం నయం. జెర్బెరాని మొత్తం తవ్వే విడదీయాలి, నాటేటప్పుడు ఆకులు పుట్టే మొదలు మట్టి పైకి ఉండాలి, పూడితే కుళ్లుతుంది. నిమ్మగడ్డి మొత్తం పెకలించినా తట్టుకుంటుంది. చామంతి, నేలసంపెంగ ఇప్పుడు ముట్టుకోకండి. ఒకటి మొగ్గకి సిద్ధమవుతోంది, రెండోది పూతలో ఉంది.

ఆకుల్లో ఈనెల వెంట పసుపు చారలు కనబడే మెట్టతామరని మాత్రం విడదీయవద్దు, పంచవద్దు. పుట్టుకతోనే చారలుండే రకాల సంగతి వేరు. మామూలు పచ్చాకు రకంలో కొత్తగా చారలొస్తే అది వైరస్ కావచ్చు, దుంపతో పాటే కొత్త మడికి పోతుంది. మొక్కని దుంపతో సహా తీసి తగలబెట్టి, కత్తిని స్పిరిట్‌తో తుడిచాకే ఇంకో దుబ్బు ముట్టుకోండి. మిగిలిన మంచి ముక్కలు ఎవరికైనా ఇవ్వాలంటే ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి ఉంచకండి, రెండు మూడు రోజుల్లో బూజు పడతాయి. కాస్త చెమ్మ ఉన్న కొబ్బరి పొట్టులో కప్పి నీడన పెడితే రెండు వారాలు ఆగుతాయి.