శంకుయంత్రం: కొయ్య బాగుంది, పుస్తకం తప్పింది

ఎండలో నిలబెట్టి నీడను బట్టి దిక్కులు తేల్చుకునే కొయ్య శంకువు. జానెడు పొడవున్న టేకు శంకువు, దానిని నిలపడానికి మధ్యలో రంధ్రం చేసి వృత్తం గీసిన ప్లైవుడ్ పలక, ఎనిమిది పేజీల చిన్న పుస్తకం కలిపి 1,450 రూపాయలకు తెప్పించుకున్నాను. అమ్మినవారు శంకువును పన్నెండు అంగుళాలని పేర్కొన్నారు. అది సరైన మాటే కాని, ఇక్కడ అంగుళమంటే స్కేలు మీది ఇంచి కాదు, వేలి వెడల్పు. పన్నెండు అంగుళాలు ఒక జానెడు. పాత ఖగోళ గ్రంథమైన సూర్యసిద్ధాంతం చెప్పిన శంకువు కొలత కూడా ఇదే.

డిసెంబరు చివరి ఆదివారం హైదరాబాద్‌లో మా మేడ మీద పరీక్షించాను. పలక సమతలంగా ఉందో లేదో చూసుకోవడానికి రసమట్టం ఇవ్వలేదు కనుక, నేలను నీటితో సరిచూడమన్న పాత పద్ధతినే పాటించి, పళ్లెంలో నీళ్లు పోసి సరిచేసుకున్నాను. శంకువు ఎత్తే వ్యాసార్ధంగా గీసిన వృత్తాన్ని నీడ కొస పదకొండుకు కాస్త ముందు తాకి లోపలికి వచ్చింది. ఒకటిన్నర దాటాక అవతలి వైపు నుంచి బయటికి పోయింది. ఆ రెండు బిందువులనూ కలిపిన గీతే తూర్పు పడమరలు. వేదికల కొలతలు చెప్పే ప్రాచీన గ్రంథం కాత్యాయన శుల్బసూత్రంలో యజ్ఞవేదికకు దిక్కు కట్టిన విధానం ఇదే. పనితనంలో నాకు కనిపించిన లోపం ఒక్కటే: కొస మొద్దుగా ఉండటంతో నీడ అంచు చెదిరింది. గుండుసూది గుచ్చాక తేటపడింది.

పుస్తకం మాత్రం నిరాశపరచింది. అందులో ‘శంఖుస్థాపన’ అని అచ్చువేసి, శంఖం పూరించి పని మొదలుపెట్టడం వల్ల ఆ పేరు వచ్చిందని వివరించారు. పత్రికల్లోనూ తరచు కనిపించే తప్పే ఇది; సరైన మాట ‘శంకుస్థాపన’. సంస్కృతంలో శంకువంటే మేకు, గూటం. నేలలో గూటం నాటి, దాని నీడతో దిక్కులు తేల్చుకున్నాకే గోడల గీతలు వేసేవారు గనుక, ఖగోళంలో నీడను కొలిచే కొయ్యకూ ఇంటికి వేసే తొలి గుర్తుకూ పేరు ఒకటే అయింది. మానసారం, మయమతం వంటి వాస్తుగ్రంథాలు శంకువును ప్రత్యేకంగా వివరించడానికి కారణం అదే. గణితం పాఠంలోని శంకువు కూడా, కొస తేలిన ఆకారం వల్ల, ఈ మాటే. గ్రీకుల గ్నోమోన్ కథ కూడా ఇలాంటిదే: ‘తెలిపేది’ అనే అర్థమున్న ఆ మాట నీడకొయ్యకూ, వడ్రంగి మూలమట్టానికీ చెల్లింది.

పలభ గురించి, అంటే పగలూ రాత్రీ సమానమయ్యే విషువత్తు నాటి మధ్యాహ్నపు శంకువు నీడ పొడవు గురించి, పుస్తకం ఉజ్జయిని లెక్క ఒక్కటే ఇచ్చింది. అది అయిదు అంగుళాలు దాటుతుంది, హైదరాబాద్‌కు మూడుముప్పావే. తెలుగువారికి అమ్మే వస్తువులో ఈ ఒక్క అంకె చేర్చడం కష్టమేమీ కాదు.

అయినా కొనవచ్చుననే నా అభిప్రాయం. మే రెండో వారంలో సూర్యుడు హైదరాబాద్ నడినెత్తికి వచ్చి శంకువు నీడ మాయమయ్యే రోజున పిల్లలకు చూపించడానికి ఇంతకన్న తేలికైన సాధనం నాకు తెలియదు. కొలిచేటప్పుడు ఫోన్ దిక్సూచిని నమ్మకండి. స్లాబులోని ఇనుప ఊచల దగ్గర దాని ముల్లు తిరిగిపోతుంది. తూర్పు ముఖమని అదనంగా సొమ్ము కట్టి కొన్న మా ఇంటి పిట్టగోడ, పలక మీది గీతకు దాదాపు ఎనిమిది డిగ్రీలు ఓరగా ఉందని ఆ ఆదివారమే తెలిసింది.