రెండు ఆటల డానీ ఎయింజ్, రెండు కార్డులు: కొనేముందు చూడాల్సినవి

అమెరికాలో మేజర్ లీగ్ బేస్‌బాల్, బాస్కెట్‌బాల్ లీగు ఎన్‌బీఏ రెండింట్లోనూ ఆడినవాళ్లు ఇప్పటిదాకా 13 మందే. ఎన్‌బీఏ తన చరిత్రలో కలిపేసుకున్న పాత లీగు బీఏఏ సీజన్లను కూడా లెక్కేస్తేనే ఆ సంఖ్య వస్తుంది. వీళ్ల కార్డులు (ఆటగాళ్ల ఫొటోతో కంపెనీలు అచ్చేసి అమ్మేవి) పోగు చేద్దామని దిగినవాళ్లకి మొదట తగిలే చిక్కు ధర కాదు, అసలు జత కుదరకపోవడం. బేస్‌బాల్ కార్డు దొరుకుతుంది, బాస్కెట్‌బాల్ కార్డు ఉండదు. కారణం ఆటగాళ్లు కాదు, కార్డు కంపెనీలు. 1948లో బోమన్, 1957-58లో టాప్స్, 1961-62లో ఫ్లీర్ ఒక్కో బాస్కెట్‌బాల్ సెట్ వేసి చేతులు దులుపుకున్నాయి. ఆ తర్వాత 1969-70లో టాప్స్ మళ్లీ వచ్చేదాకా అమెరికా అంతా అమ్మిన పెద్ద సెట్ లేదు.

జీన్ కాన్లీ సంగతే చూడండి. 1957లో మిల్వాకీ బ్రేవ్స్‌తో బేస్‌బాల్ వరల్డ్ సిరీస్, 1959, 60, 61లో బోస్టన్ సెల్టిక్స్‌తో ఎన్‌బీఏ టైటిళ్లు. రెండూ గెలిచినవాడు ఇంకొకడు లేడు. బేస్‌బాల్ కార్డులు కావలసినన్ని ఉన్నాయి. సెల్టిక్స్‌కి ఆడిన సీజన్లలో మాత్రం పెద్ద కంపెనీ ఏదీ బాస్కెట్‌బాల్ సెట్ వేయలేదు. 1952-53లో ఫోర్ట్ వేన్ పిస్టన్స్‌కి 26 ఆటలాడిన డిక్ గ్రోట్‌దీ, 1965-67లో డెట్రాయిట్‌కి ఆడిన రాన్ రీడ్‌దీ అదే కథ. ఆడుతున్న రోజుల్లోనే రెండు ఆటల్లోనూ కార్డు పడ్డ అదృష్టవంతులు డిక్ రికెట్స్, డేవ్ డెబుషర్, డానీ ఎయింజ్ లాంటి కొద్దిమందే. మొదటి కొనుగోలు ఏది అంటే నా ఓటు ఎయింజ్‌కి: బేస్‌బాల్‌లో 1981 టాప్స్ ట్రేడెడ్ 727వ నంబరు కార్డు, బాస్కెట్‌బాల్‌లో 1986-87 ఫ్లీర్ 4వ నంబరు కార్డు.

ముందు 727. ఎయింజ్ కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడుతూనే 1979 నుంచి 81 దాకా టొరంటో బ్లూ జేస్‌కి 211 ఆటలాడాడు. బ్యాటింగ్ సగటు .220, హోమ్ రన్లు రెండు. బంతి కొట్టడంలో అంతంత మాత్రమే అని ఒప్పుకోవాలి. అదే 1981లో కాలేజీ బాస్కెట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే వుడెన్ అవార్డు కొట్టాడు, ఎన్‌బీఏ జట్లు కొత్తవాళ్లని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో 31వ పిక్‌గా సెల్టిక్స్ తీసుకున్నారు, బ్లూ జేస్ కాంట్రాక్టు గొడవ కోర్టుకెక్కింది, చివరికి సెల్టిక్స్ డబ్బు కట్టి విడిపించుకున్నారు. ఇంత గొడవ జరిగిన ఏడాదే పుట్టిన కార్డు ఇది.

ట్రేడెడ్ సెట్ (మామూలు సెట్ తర్వాత విడిగా వేసింది) పొట్లాల్లో దొరికేది కాదు. 132 కార్డుల పెట్టెగా డీలర్ల ద్వారా మాత్రమే అమ్మారు. నంబర్లు 727 నుంచి 858 దాకా, పేర్లు ఇంగ్లిష్ అక్షర క్రమంలో. అంటే ఎయింజ్ కార్డు పెట్టెలో మొట్టమొదటిది. కొనేవాడికి ఇదే అసలు విషయం. దొంతరలో పైనున్న కార్డుకే పెట్టె మూత రాపిడి, రబ్బరు బ్యాండు నొక్కు, వేలిముద్రలు అన్నీ తగులుతాయి. మధ్యలో ఉన్న కార్డు నిగనిగలాడుతుంటే 727 మూలలు మాత్రం మెత్తబడి ఉంటాయి. కాబట్టి 'పెట్టెలోంచి ఇప్పుడే తీశాం, మింట్ (మచ్చలేని కొత్తది)' అన్న మాటని నమ్మొద్దు. నాలుగు మూలల ఫొటోలు దగ్గరగా తీయించి అడగండి. పై అంచు మధ్యలో చిన్న లొత్త ఉందేమో చూడండి, అది రబ్బరు బ్యాండు గుర్తు.

తర్వాత అంచుల లెక్క. ఎడమ అంచు 2 మిల్లీమీటర్లు, కుడి అంచు 3 అయితే మొత్తం 5, పెద్దది 3, అంటే 60/40. కార్డుల స్థితి చూసి 10 దాకా గ్రేడులిచ్చే పీఎస్‌ఏ కంపెనీ 9 గ్రేడుకి పెట్టిన ముందువైపు హద్దు దాదాపు అదే. పై, కింది అంచులకీ అలాగే కొలవాలి. ఫొటోలో కొలిచేటప్పుడు కార్డు వాలుగా ఉంటే లెక్క తప్పుతుంది, నిటారుగా పైనుంచి తీసిన ఫొటోనే అడగాలి.

అదే ఏడాది ఎయింజ్‌కి డోన్‌రస్ 569, ఫ్లీర్ 418 కూడా ఉన్నాయి. బేస్‌బాల్ కార్డుల మీద టాప్స్ గుత్తాధిపత్యానికి కోర్టు గండికొట్టాక ఈ రెండు కంపెనీలూ హడావిడిగా దించిన సెట్లవి. డోన్‌రస్‌కి అది మొదటి ఏడు. అట్ట పల్చన, తప్పులు కొల్లలు. ధర మాత్రం చిల్లర డబ్బులే. పిల్లలకి కొనివ్వడానికి డోన్‌రస్ చాలు, దాచుకోవడానికైతే టాప్స్ ట్రేడెడే.

ఇక 1986-87 ఫ్లీర్ 4. మొత్తం 132 కార్డుల సెట్, ఇదీ అక్షర క్రమమే. 57వ నంబరు మైకేల్ జోర్డాన్ కావడంతో సెట్ మొత్తానికీ గ్లామర్ వచ్చింది. ఎయింజ్ అప్పటికి 1984, 86 టైటిళ్లు గెలిచిన సెల్టిక్స్ గార్డు. ఈ సెట్ డిజైన్‌లోనే తిప్పలుంది. ఎరుపు, నీలం అంచుల మీద ఏమాత్రం గీరు పడ్డా కింది తెల్లటి అట్ట బయటపడి కళ్లకి కొడుతుంది. మైనం కాగితం పొట్లాల్లో బబుల్ గమ్‌తో కలిపి అమ్మారు కాబట్టి వెనకవైపు మైనం మరకో, గమ్ మరకో ఉండొచ్చు. ఆ మరకని రబ్బరుతో రుద్దడం, గుడ్డ తడిపి తుడవడం వద్దు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మరకతో పాటు ముద్రణ మెరుపు కూడా పోతుంది.

1983-84 నుంచి స్టార్ అనే చిన్న కంపెనీ జట్లవారీగా ప్లాస్టిక్ సంచుల్లో అమ్మిన కార్డులు ఫ్లీర్ కంటే పాతవే. కానీ తర్వాత మళ్లీ ముద్రించినవీ, నకిలీలూ వాటిలో కలిసిపోయాయి. కొత్తవాళ్లు ఆ వైపు వెళ్లకపోవడమే మంచిది.

ఫ్లీర్ 4 కొనడంలో ఇంకో లాభముంది. ఆ సెట్‌లో ఎక్కువగా నకిలీ చేసేది జోర్డాన్‌ని, ఎయింజ్‌ని నకిలీ చేస్తే ఖర్చులు కూడా రావు. కాబట్టి ఎయింజ్ కార్డు మీ చేతిలో నమూనాగా పనికొస్తుంది. 10 రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో చూస్తే ఫొటో భాగంలో చిన్న చిన్న రంగు చుక్కలు పువ్వుల్లా అల్లుకుని ఉంటాయి. నల్లటి అక్షరాలు మాత్రం చుక్కలు లేకుండా ఒకే సిరాలో నిండుగా ఉంటాయి. స్కాన్ చేసి ముద్రించిన నకిలీలో అక్షరాలు కూడా చుక్కలుగా విడిపోతాయి. జోర్డాన్ 57 కొనే రోజొస్తే ఎయింజ్‌ని పక్కన పెట్టి రెండిట్నీ పోల్చండి.

జోర్డాన్ పేరెత్తాం కాబట్టి 1991లో అప్పర్ డెక్ కంపెనీ వేసిన ఎస్పీ1 కార్డు గురించి చెప్పాలి. షికాగో వైట్ సాక్స్ బేస్‌బాల్ జట్టు దుస్తుల్లో బ్యాటు పట్టుకున్న జోర్డాన్ బొమ్మ. ఆ జట్టు మైదానం కొమిస్కీ పార్కులో బ్యాటింగ్ ప్రాక్టీస్ చేసినప్పటిది, అంతే. అది ఆట కాదు. నిజంగా ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడింది 1994లో, మేజర్ లీగ్‌కి రెండు మెట్లు కింద ఉండే డబుల్-ఏ స్థాయిలో బర్మింగ్‌హామ్ బారన్స్‌కి: 127 ఆటలు, సగటు .202, హోమ్ రన్లు 3, ఆర్‌బీఐలు (తన బ్యాటింగ్‌తో జట్టుకి తెచ్చిన పరుగులు) 51, దొంగిలించిన బేస్‌లు 30. మేజర్ లీగ్ మెట్టెక్కలేదు కాబట్టి 13 మందిలో లేడు. అమ్మేవాళ్లు ఎస్పీ1ని 'బేస్‌బాల్ రూకీ' (మొదటి ఏడాది కార్డు) అని ఊదరగొడతారు. పేరు గొప్ప, ఊరు దిబ్బ. కంపెనీలు లెక్కాపత్రం లేకుండా ముద్రించిన కాలమది, ఇవి బోలెడు బతికున్నాయి. గ్రేడ్ చేయనిది తక్కువలో వస్తే సరదాగా కొనండి, గ్రేడింగ్ ఫీజు పెట్టొద్దు. తడి తగిలితే ఈ నున్నటి కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఊడదీస్తే పై పొర లేచొస్తుంది. పాత దొంతర కొంటే ముందే అడగండి.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టగలిగితే డేవ్ డెబుషర్ జత. వైట్ సాక్స్‌కి 1962, 63లో పిచర్, 36 ఆటలు, 3 గెలుపులు 4 ఓటములు. 24 ఏళ్లకే డెట్రాయిట్ పిస్టన్స్‌కి ఆటగాడూ కోచ్ రెండూ తనే. 1970, 73లో న్యూయార్క్ నిక్స్‌తో టైటిళ్లు. 1963 టాప్స్ 54లో మరో ముగ్గురు కొత్త కుర్రాళ్ల ముఖాలతో కలిసి కనిపిస్తాడు. తను ఒక్కడే కావాలంటే 1964 టాప్స్ 247. ఆ ఏడాది కార్డు వెనకాల ఒక క్విజ్ ప్రశ్న ఉంటుంది, జవాబు రావాలంటే నాణెంతో గీకాలి. గీకిన కార్డుకి ధర తగ్గుతుంది. వెనకవైపు ఫొటో లేకుండా కొంటే ఇక్కడే దెబ్బతింటారు. బాస్కెట్‌బాల్ వైపు 1969-70 టాప్స్ 85. ఈ సెట్ కార్డులు పొడుగు: మామూలువి రెండున్నర అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల ఎత్తు అయితే, ఇవి దాదాపు 4.7 అంగుళాల ఎత్తు. మామూలు టాప్‌లోడర్‌లో (పైనుంచి కార్డు దించే గట్టి ప్లాస్టిక్ తొడుగు) తల బయటే ఉంటుంది. 'పర్లేదులే' అని అలా ఉంచితే పై మూలలు మెత్తబడటం ఖాయం. పొడుగు కార్డుల స్లీవ్ (పల్చటి ప్లాస్టిక్ తొడుగు), హోల్డర్ విడిగా అమ్ముతారు, కార్డు రాకముందే అవి తెప్పించుకోండి.

డిక్ గ్రోట్ 1952 టాప్స్ 369 గురించి ఒక్క మాట. 1960 నేషనల్ లీగ్ ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు), ఆ ఏడాది .325తో బ్యాటింగ్ చాంపియన్. కార్డు ఉన్నది 311 నుంచి 407 దాకా ఉండే చివరి వరుసలో. ఆ వరుస అరుదు కావడంతో ధర ఆకాశంలో ఉంటుంది. టాప్స్ 1983లో ఈ సెట్‌ని మళ్లీ ముద్రించింది, ఆ కార్డులు మామూలు సైజు. అసలుది రెండున్నర కాదు, 2 5/8 అంగుళాల వెడల్పు, 3 3/4 అంగుళాల ఎత్తు. స్కేలు పెట్టి కొలవనిదే డబ్బు పంపొద్దు.

నిల్వకి పీవీసీ స్లీవులు వాడొద్దు. వాటిలో ప్లాస్టిక్‌ని మెత్తబరిచే రసాయనం కాలం గడిచేకొద్దీ బయటికొచ్చి కార్డుకి అంటుకుంటుంది. పాలీప్రొపిలీన్ అని రాసి ఉన్నవే కొనండి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే మంచిది. డాలస్‌లో ఏసీ గదిలో ఉన్నవాళ్లకి ఇబ్బంది లేదు, విశాఖలో ఇంటికి తెచ్చుకుంటే మాత్రం మూత గట్టిగా పడే డబ్బా, సిలికా జెల్ పొట్లాలు తప్పనిసరి. లేకపోతే వానాకాలం అయ్యేసరికి పాత అట్ట విల్లులా వంగుతుంది.

పోస్టులో తెప్పించుకుంటే అమ్మేవాడికి ముందే చెప్పండి: స్లీవ్‌లో పెట్టి టాప్‌లోడర్‌లోకి దించి, నోటికి టేపు అంటించేటప్పుడు చివర ఒక మడత వదలమని. ఆ మడత లేకపోతే విప్పేవాడు చాకు వాడతాడు, చాకు ఎక్కడ ఆగుతుందో చెప్పలేం.