వెనక చెక్కే సగం టోన్: రెండు గిటార్ క్యాబినెట్లతో ఆరేళ్లు

నా దగ్గర ఆరేళ్లుగా రెండు క్యాబినెట్లు, అంటే ఎలక్ట్రిక్ గిటార్ స్పీకర్ బిగించే చెక్క పెట్టెలు ఉన్నాయి. ఒకటి వెనక తెరిచి ఉండే చిన్న పెట్టె. అందులో సెలెస్టియన్ కంపెనీ 12 అంగుళాల గ్రీన్‌బ్యాక్ స్పీకర్ ఒక్కటే, 25 వాట్లు, 8 ఓంలు (విద్యుత్ నిరోధం). రెండోది వెనక పూర్తిగా మూసినది. అందులో అదే కంపెనీ వింటేజ్ 30 స్పీకర్లు రెండు, ఒక్కొక్కటి 60 వాట్లు, 16 ఓంలు. ప్యారలల్‌గా కలిపాను కాబట్టి ఆంప్‌కు (ఆంప్లిఫయర్‌కు) అవీ 8 ఓంలే. రెండింటినీ ఒకే 15 వాట్ల ట్యూబ్ ఆంప్‌తో వాయిస్తున్నాను.

మొదటి ఏడాదంతా మూసిన పెట్టెదే పైచేయి అని వాదించాను. నిజానికి అది బిగ్గరగా మోగుతోంది, అంతే. ఒక వాట్ ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే గ్రీన్‌బ్యాక్ 98 డెసిబెల్లు, వింటేజ్ 30 అయితే 100. పైగా అక్కడ ఉన్నవి రెండు. ఎక్కువ మోగేదే బాగుందనిపించడం చెవికి పాత జబ్బు. ఫోనులో డెసిబెల్ యాప్ పెట్టుకుని, రెండూ ఒకే అంకె చూపేలా వాల్యూమ్ సరిచేశాక నా వాదన సగానికి సగం కరిగిపోయింది.

మిగిలిన తేడా మాత్రం గట్టిదే. వింటేజ్ 30లో మిడ్, అంటే మధ్య స్వరాల పైభాగం పొడుచుకు వస్తుంది. డ్రమ్స్, బేస్ గిటార్ మధ్య అది వరం; గదిలో ఒంటరిగా గంటసేపు వాయిస్తే తలనొప్పి. గ్రీన్‌బ్యాక్ ట్రెబుల్ (పై స్వరాలు) మెత్తన, మిడ్‌లో కాస్త గరుకు. వాల్యూమ్ పెంచితే కింది స్వరాలు వదులవుతాయి, బ్లూస్‌కు నాకు అదే ఇష్టం.

ఒక ఆదివారం స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చుని, ఒక వింటేజ్ 30ని తెరిచిన పెట్టెలో బిగించాను. ఇప్పుడు స్పీకర్ ఒక్కటే కాబట్టి ఆంప్‌ను 16 ఓంలకు మార్చడం మరిచిపోలేదు, ఓంలు కుదరకపోతే ట్యూబ్ ఆంప్‌తో ఆటలు కూడవు. ఆ పొడుపు అలాగే ఉంది, కానీ లావు తీగ మీద పామ్ మ్యూట్ చేస్తే (అరచేతి అంచు ఆనించి మీటితే) ఛాతీకి తగిలే దెబ్బ మాయం. స్పీకర్ వెనక నుంచి వచ్చే అల ముందు అలకు వ్యతిరేక దిశలో ఉంటుంది. తెరిచిన పెట్టెలో అది చుట్టూ తిరిగి ముందుకొచ్చి కింది స్వరాలను కొట్టేస్తుంది. బదులుగా శబ్దం గదంతా పరుచుకుంటుంది. స్పీకర్ పేరు గురించి గంటలు చర్చించుకునే మనం వెనక చెక్క గురించి రెండు మాటలైనా అనుకోము.

నిలబడే చోటు కూడా అంతే. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ను టార్చిలైటులా నేరుగా కొడుతుంది. క్యాబినెట్ నేల మీద, చెవి ఐదడుగుల ఎత్తున ఉంటే టోన్ మందంగా ఉందని ట్రెబుల్ పెంచుకుంటూ పోతాము. ఎదురుగా నేల మీద కూర్చున్న మా తమ్ముడు చెవులు మూసుకున్నప్పుడు గానీ నాకు తెలియలేదు. అప్పటి నుంచి పెట్టెను కుర్చీ మీద వెనక్కి వాల్చి పెడుతున్నాను.

అన్నట్టు, మూసిన పెట్టెలో ఒక్క స్వరానికే జుమ్మనే చప్పుడు వస్తే స్పీకర్ పోయిందని రెండు వారాలు దిగులుపడ్డాను. వెనక చెక్కలో ఒక స్క్రూ వదులైంది.

గత ఏడాది ఆ చెక్కను అడ్డంగా రెండు ముక్కలుగా కోయించాను. ఇంట్లో ఉన్నంతసేపు పై ముక్క గోడకు ఆనించి ఉంటుంది. బ్యాండ్‌తో వాయించే రోజు మళ్లీ బిగిస్తాను.