సింగపూర్ చైనాటౌన్ న్యూ ఇయర్ బజార్: సంచి పట్టుకుని వెళ్ళండి

చైనీస్ న్యూ ఇయర్ ముందు చైనాటౌన్‌లో పెట్టే పండగ బజార్ గురించి ఇక్కడ మనవాళ్ళు చాలామంది ఫోటోలకి బాగుంటుంది అంతే అంటుంటారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. లైట్లు బాగుంటాయి నిజమే, యూ టోంగ్ సెన్ స్ట్రీట్, న్యూ బ్రిడ్జ్ రోడ్ పొడుగునా చైనీస్ లెక్కలో ఆ ఏడాదికి వచ్చే జంతువు రూపంలో పెద్ద పెద్ద లాంతర్లు పెడతారు (2026లో ఫిబ్రవరి 17 నుంచి గుర్రం సంవత్సరం). కానీ అసలు మజా లోపల పగోడా, టెంపుల్, ట్రెంగాను స్ట్రీట్లలో ఉంది, ఎందుకంటే చైనీస్ ఫ్యామిలీలు నిజంగా పండగ సామాన్లు కొనుక్కునేది అక్కడే. మీరూ కొనడానికే వెళ్ళండి, అప్పుడు తెలుస్తుంది.

ముందు తిండి. స్టాళ్ళ దగ్గర రుచి చూడమని ముక్కలు పెడతారు, మొహమాటపడక్కర్లేదు, అందరూ తిని చూశాకే డబ్బా కొంటారు. పైనాపిల్ టార్ట్స్‌లో జామ్ నోటికి కాస్త పీచు పీచుగా, పుల్లగా తగిలితే కొనేయండి, ఒట్టి తీపి ఉంటే పక్క స్టాల్‌కి వెళ్ళిపోండి. నాకు అన్నిటికన్నా ఇష్టం కుయే బంగ్కిట్ అనే బిస్కెట్, కర్రపెండలం పిండి, కొబ్బరిపాలతో చేస్తారు, నోట్లో పెట్టగానే సున్నుండలా విడిపోతుంది. గుడ్డు తిననివాళ్ళు మాత్రం ప్రతి డబ్బాకీ అడిగి తీసుకోండి, వీటిలో చాలావాటిలో గుడ్డు పడుతుంది, పందికొవ్వు సంగతి కూడా అడగండి. బక్వా అంటే తియ్యగా కాల్చిన పల్చటి పంది మాంసం, చికెన్‌తో చేసిందీ దొరుకుతుంది, పండగ దగ్గరపడేకొద్దీ రేటు పెరుగుతుంది, లిమ్ చీ గువాన్ లాంటి పేరున్న షాపు ముందు గంటల తరబడి క్యూ ఉంటుంది కాబట్టి కావాలంటే రెండు మూడు వారాల ముందే కొనేసుకోండి.

తర్వాత కమలాపళ్ళు. చైనీస్ పక్కింటివాళ్ళు పండక్కి పిలిస్తే జతగా రెండు పళ్ళు రెండు చేతులతో ఇవ్వాలి, వచ్చేటప్పుడు వాళ్ళూ ఓ జత మన చేతిలో పెట్టి పంపిస్తారు, మన తాంబూలం పద్ధతి తెలిసినవాళ్ళకి ఎవరూ నేర్పక్కర్లేదు. పిల్లలకి డబ్బులు పెట్టి ఇచ్చే ఎర్ర కవర్లు కూడా ఇక్కడే కట్టలు కట్టలుగా దొరుకుతాయి, కాకపోతే మనలా 51, 101 అని ఒకటి కలపకండి, వాళ్ళకి సరిసంఖ్య శుభం, అందులోనూ 4 మాత్రం వద్దు.

ప్లాస్టిక్ డెకరేషన్లు నాకు నచ్చలేదు, అన్ని స్టాళ్ళలో ఒకటే సరుకు. ఎర్ర టపాకాయల దండలు చూసి పిల్లలు కాల్చుకుందామని గొడవ చేస్తారు, అవి ఉత్త బొమ్మలు, ఇక్కడ జనం టపాకాయలు కాల్చడం 1972లోనే నిషేధించారు. ఆ డబ్బులతో చిన్న కమ్క్వాట్ మొక్క కొనండి, కుండీలో నారింజ రంగు కాయలతో ఇంటికి నిజంగా పండగ కళ వస్తుంది.

వీకెండ్ సాయంత్రాలు స్ట్రోలర్‌తో వెళ్ళాలనుకోకండి, కదలడానికే చోటుండదు. మామూలు రోజు పొద్దుటే వెళ్తే స్టాల్ ఆంటీలు ఓపిగ్గా ఏది ఎలా తినాలో చెప్తారు, అది నాకు భలే నచ్చింది. చైనాటౌన్ ఎంఆర్‌టీ (మెట్రో) స్టేషన్ నుంచి నేరుగా పగోడా స్ట్రీట్‌లోకే బయటికొస్తారు, ఆ వీధి చివర సౌత్ బ్రిడ్జ్ రోడ్ మీద 1827 నాటి శ్రీ మారియమ్మన్ గుడి, దర్శనం కూడా చేసుకోవచ్చు.

పండగ ముందురోజు రాత్రి మిగిలిన సరుకు బాగా తగ్గించి అమ్మేస్తారు, మొక్కలైతే మరీను, తెగించి ఆ రద్దీలో వెళ్ళగలిగితే అప్పుడే చవక. మర్నాటి నుంచి రెండు రోజులు సెలవు, చాలా షాపులు మూసేస్తారు, కాబట్టి పాలూ కూరగాయలూ ముందే తెచ్చి పెట్టుకోండి.